మొగిలి ఘాట్ వద్దు బ్రో, అరగొండ రోడ్డు పట్టు!

ఈరోజు మా బంగారుపాళ్యం నుంచి మాట్లాడుతున్నా. సైకిల్ కొన్న ప్రతివాడూ నన్ను అడిగేది ఒక్కటే: "బ్రో, మొగిలి ఘాట్ ఎక్కొచ్చా?"

వద్దు.

చిత్తూరు ఎత్తు దాదాపు 330 మీటర్లు, పలమనేరు దాదాపు 680. మధ్యలో ఘాట్. ఎక్కడానికి మజాగానే ఉంటుంది, కాదనను. కానీ అది చెన్నై-బెంగళూరు లారీల దారి. 2024 సెప్టెంబర్‌లో అక్కడే బస్సు, లారీ ఢీకొని చాలామంది చనిపోయారు. నేనూ ఒకసారి దిగుతుంటే లోడు లారీ హారన్ కొడుతూ వెనకే వచ్చేసింది. రోడ్డు వదిలి మట్టిలోకి దిగిపోయా. పది నిమిషాలు చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ వీడియో ఎప్పుడూ పెట్టలేదు, అమ్మ చూస్తుందని.

ఇప్పుడు హైవే వదిలేసి అరగొండ వైపు పోతున్నా. మామిడి తోపులు, చిన్న చిన్న ఎత్తులు, చెయిన్ శబ్దం వినిపించేంత నిశ్శబ్దం. కాళ్లలో ఇంకా సత్తా ఉంటే అర్ధగిరి ఆంజనేయస్వామి కొండ ఎక్కండి. తిరిగొచ్చేటప్పుడు కాణిపాకం కూడా కలుపుకోవచ్చు. జూన్, జూలైలో మాత్రం తోతాపురి కాయల ట్రాక్టర్లుంటాయి, వాటిని మలుపుల్లో దాటొద్దు.

ఇంకోటి, చీకట్లో బయల్దేరకండి. మనకు పక్కనే కౌండిన్య అడవి. ఒకరోజు నాలుగున్నరకే లైటేసుకుని పోతుంటే తోపు కాపలా తాత ఆపేశాడు: "యాడికి నాయనా? ఏనుగులు దిగుండాయి. తెల్లారినాక పో."

తెల్లారేదాకా ఆయన పక్కనే మంట కాచుకుంటా కూర్చున్నా.