రోడ్డు మలుపుల లెక్క

జనగామ మీదుగా 163వ జాతీయ రహదారియు, మానుకోట మీదుగా 365వ జాతీయ రహదారియు సాగుచున్నవి. భూపాలపల్లి రోడ్లపై బొగ్గు లారీలు తిరుగుచున్నవి. ఇట్టి రోడ్డును బాగుచేయుటకు సర్వేవారు వచ్చి మలుపు వద్ద చేని మూల నడిగినచో, “ఇన్నేండ్లు బండ్లు తిరుగలేదా?” యని పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానము వంపుల గణితమున నున్నది.

వడిసెలలోని రాయి వెలుపలికి లాగునట్లే, మలుపులో బండియు వెలుపలికి ఒరగజూచును. వేగము రెట్టింపైనచో ఈ లాగుడు నాలుగింతలగును. కళ్లము నడుమ గుంజకును, చుట్టు తిరుగు ఎద్దునకును గల దూరము వంటిది వంపు యొక్క త్రిజ్య. మైదానమున గంటకు 40 కిలోమీటర్ల వేగమునకు సుమారు 57 మీటర్ల త్రిజ్య చాలును. 80 కిలోమీటర్లకు సుమారు 230 మీటర్లు కావలెను. రోడ్డు వెలుపలి అంచును నూటికి ఏడు పాళ్లు ఎత్తి కట్టిన పిమ్మటనే యీ లెక్క. అంతకు మించి ఎత్తినచో మెల్లగా పోవు గడ్డిబండ్లు లోపలికి ఒరగును.

ఒకే త్రిజ్యతో తిరుగునది సామాన్య వక్రము. చెరువుకట్టను చుట్టివచ్చు బాటవలె, ఒకే వైపునకు వేర్వేరు త్రిజ్యలతో తిరుగునది సంయుక్త వక్రము. కుడికి తిరిగి వెంటనే ఎడమకు తిరుగునది ప్రతిలోమ వక్రము. అందు మొదట ఎత్తిన అంచే పిదప పల్లము కావలెను గనుక, రెంటి నడుమ కొంత తిన్నని బాట నుంచుట క్షేమము. తిన్నని బాట నుండి వంపులోనికి పోవుచోట మెల్లమెల్లగా బిగియునది సంక్రమణ వక్రము. దానివలన లాగుడు ఒక్కసారిగా తగులదు.

ఇక చూపు సంగతి. 80 కిలోమీటర్ల వేగమున పోవువాడు అడ్డమును చూచి, బ్రేకు నొక్కుటకు పట్టు రెండున్నర సెకనులలోనే 55 మీటర్లు సాగిపోవును. బండి నిలుచుటకు మొత్తము 120 మీటర్లు కావలెను. మలుపు లోపలి మూలలో గడ్డివామియో, ఎత్తెదిగిన మొక్కజొన్నయో యున్నచో అంతదూరము కానరాదు. అవతల బడికి పోవు బిడ్డ యుండవచ్చును.

కావున పెద్దలను నేను కోరునది రెండు మాటలు. భూమి నిచ్చునప్పుడు విస్తీర్ణమును, హద్దురాళ్లను, పరిహారమును వ్రాతమూలముగా తీసికొనుడు. న్యాయమైన పరిహారము 2013 నాటి భూసేకరణ చట్టము చెప్పిన హక్కు. భూమి మీదే యైయున్నను, మలుపు లోపలి మూలను చూపునకు విడిచిపెట్టుడు. ఆ మూలలోని పంట కొలతకు కొంచెమే. అది మరుగుపరచునది మాత్రము మన ఊరివారి ప్రాణము.