అగ్నిమాపక యువకుడు - గ్రామపంచాయతీ కర్తవ్యము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

మన పల్లెలనుండి యువకులు అగ్నిమాపకశాఖలో చేరుచున్నారు. వారు నేర్చు విద్య యెట్టిదో, అది మీ గ్రామమునకు అక్కరకు వచ్చుటకు మీరు చేయవలసిన దేమో నేడు విన్నవింపదలచితిమి.

కొలువులో చేరిన యువకుని వెంటనే మంటలముందుకు పంపరు. తెలంగాణలో అతనికి హైదరాబాదు సమీపమున వట్టినాగులపల్లిలో శిక్షణాలయము కలదు. గొట్టములను జతపరచుట, నిచ్చెన నిలుపుట, త్రాటికి ముడులు వేయుట, స్పృహతప్పిన మనిషిని భుజముపై మోసి దింపుట అతడు అభ్యసించును. మండుచున్న నూనెపై నీరు పోయరాదనియు, విద్యుత్తు ఆపనిదే తీగెలను సమీపింపరాదనియు తెలిసికొనును. పిదప స్థానిక కేంద్రమున చేరి, కబురందిన మరుక్షణమే శకట మెక్కవలెను.

ఇది ప్రాణాపాయముతో కూడిన కొలువు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో నౌక ప్రేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసిరి. ఏటా ఆ తేదీన దేశమంతట వారిని స్మరించుచున్నాము.

ఇంత నేర్చినవాడును మీ వీధిమొగలోనే ఆగిపోయినచో ఏమి చేయగలడు? పెద్ద శకటపు తొట్టిలో సాధారణముగా 4,500 లీటర్ల నీరు పట్టును. పంపును పూర్తిగా నడపినచో కొద్ది నిమిషములకే అది అయిపోవును. తరువాత మీ చెరువే దిక్కు. పంపు సుమారు 7 మీటర్లకు మించిన లోతునుండి నీటిని పీల్చలేదు. కనుక లోతుబావి ఎదుట నున్నను ప్రయోజనము లేదు. గడ్డివాము అంటుకొన్నచో పైమంట ఆరినను లోన నిప్పు దాగియుండును. దానిని విప్పి తడుపుటకు సిబ్బంది వెంట ఊరివారును నిలువవలెను.

కావున వేసవికి ముందే ఈ పనులు చేయింపుడు. వీధులలో వాములు, కట్టెలమోపులు తొలగించి శకటమునకు దారి విడువుడు. చెరువుగట్టున బండి నిలుచు తావు చదును చేయింపుడు. స్థానిక కేంద్రము వారిని ఆహ్వానించి దారిని, నీటిని చూపుడు. 101 సంఖ్యను పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. కబురు చేయువాడు ఊరిపేరు, ఆనవాలు, మండుచున్న దేదో స్పష్టముగా చెప్పవలెను. మరొకడు రోడ్డుమొగలో నిలిచి దారి చూపవలెను.

శిక్షణను ప్రభుత్వ మిచ్చినది. దారిని, నీటిని మీరు సిద్ధపరుపవలెను. రానున్న సమావేశములోనే ఈ విషయమై తీర్మానము గావింతురని ఆశించుచున్నాము.