బరువు మళ్లీ పెరిగినవాళ్లు మీ దగ్గరికి రావాలి

 

ఇవాళ నర్సింగ్ పట్టా అందుకుంటున్న మీలో చాలామంది నంద్యాల, కర్నూలు, హైదరాబాద్ ఆసుపత్రుల్లో చేరతారు. అక్కడ మీకు ఎదురయ్యే ఒక మనిషి గురించి చెప్తాను. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్న ఆవిడ. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో ముప్పాతిక వంతు తీసేస్తారు. మొదట్లో ఒక్క ఇడ్లీకే కడుపు నిండేది. షుగర్ మాత్రలు తగ్గాయి, చుట్టాలు మెచ్చుకున్నారు. రెండు మూడేళ్లకు బరువు మళ్లీ పెరగసాగింది. సిగ్గుతో ఆసుపత్రికి రావడం మానేసింది. ఎప్పుడో వచ్చినరోజు చెప్పులు విప్పి, ఫోను, పర్సు కూడా బల్ల మీద పెట్టి కాటా ఎక్కుతుంది. ఆ క్షణంలో మీరు "ఏం తింటున్నావమ్మా ఇంతగా?" అన్నారంటే, ఆవిడ ఇక రాదు.

ఆవిడ ఒక్కరే కాదు. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో రకం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతమే. అంటే 120 కిలోల మనిషి 82కి దిగి, మళ్లీ 90కి చేరినట్టు. అయినా, చేయించుకోనివాళ్లతో పోలిస్తే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువే. ఎనిమిది కిలోలు తిరిగొస్తే ఆపరేషన్ వృథా అయిందనడం నా దృష్టిలో అన్యాయం.

బరువు తిరిగి రావడానికి కారణాలున్నాయి. బరువు తగ్గిన ఒళ్లు శక్తి ఖర్చును పొదుపు చేసుకుంటుంది, ఆకలిని పెంచుతుంది. మిగిలిన పొట్ట కాలక్రమంలో కొంత సాగుతుంది. రొట్టె లాంటి గట్టి తిండి అడ్డుపడుతుంది కానీ కూల్‌డ్రింకు, ఐస్‌క్రీమ్ సులువుగా జారిపోతాయి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువు పెంచుతాయి. కాబట్టి ముందు మందుల చీటీ చూడండి. నిద్ర, మద్యం, మనసులో దిగులు గురించి నెమ్మదిగా అడగండి. బి12, ఐరన్ పరీక్షలు ఏటా చేయించారో లేదో కనుక్కోండి. బరువు పెరిగినవాళ్లకూ ఈ లోపాలు ఉంటాయి, అది చాలామందికి తట్టదు.

ఇప్పుడు బరువు తగ్గించే మందులున్నాయి, అవసరమైతే రెండో ఆపరేషనూ ఉంది. అవన్నీ డాక్టర్ నిర్ణయిస్తారు. ఆ డాక్టర్ దాకా ఆవిడను చేర్చేది మాత్రం మీరే. కాటా మీద అంకె ఎంతున్నా, "మంచిపని చేశావమ్మా, వచ్చావు, కూర్చో" అనండి.