మూయని మిల్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు కష్టముల మాట ఎందుకని కొందరనవచ్చును. పచ్చడిలో వేపపువ్వు వేసుకొన్నవారమే గదా, కాస్త ఓపిక పట్టండి.

కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతముల మన పూర్వులు నల్లరేగడిని నమ్మి బ్రతికినవారు. వారు పత్తి పండించినారు. పిల్లలు ఆ పత్తిని వడికే మిల్లులలో చేరినారు. అందులోను సర్కారు మిల్లులో పనియంటే పిల్లనిచ్చుటకు ఎవరును వెనుదీయలేదు. విరుదునగరమునుండి మానామదురై మీదుగా పోయినచో పరమకుడి దగ్గర కముదకుడిలో పయనీర్ స్పిన్నర్సు ఉన్నది. కాళయార్‌కోవిల్‌లో కాళీశ్వరర్ మిల్లు. రెండును కేంద్ర ప్రభుత్వపు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషనువి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌను వచ్చి, దేశమంతట ఆ సంస్థకున్న 23 మిల్లులు ఆగినవి. లాక్‌డౌను పోయినను మిల్లులు మునుపటివలె నడువలేదు. కొంతకాలము జీతములో కొంత భాగము ఇచ్చినారు.

1934లో వెలసిన ఓరుగల్లు ఆజంజాహి మిల్లు కూడ ఈ సంస్థ చేతిలోనే మూతపడినది. అక్కడివారు ఇంటిస్థలములకై ఏండ్ల తరబడి తిరిగినారు. అయినను మిల్లు మూసినారని వారికి తెలియును. ఇక్కడ అదియు లేదు. మూసినామని చెప్పరు, రమ్మని పిలువరు. 1972 గ్రాట్యుటీ చట్టము ఏడాదికి 15 దినముల జీతమన్నది. అది కొలువు వీడినవారికి. 25 ఏండ్లు చేసి, వీడనూ వీడక, ఉండనూ ఉండక ఉన్నవాడు ఏమి అడుగవలెను?

మొన్న మా కౌంటరుకు ఒక మిల్లు నుండి వచ్చిన పెద్దాయన, "ముసలివాళ్ళకు టిక్కెట్టు తగ్గింపు ఉన్నదా నాయనా?" అన్నాడు. "అది 2020 మార్చిలో ఆగిపోయింది మామా" అన్నాము. "మా మిల్లుతోనేనా!" అని నవ్వి, పూర్తి ఛార్జీ చిల్లరతో లెక్కపెట్టి ఇచ్చినాడు. పి.ఎఫ్. పనిమీద మూడవసారి ప్రయాణమట. మిల్లు రిజిస్టరులో ఇంటిపేరుతో ఉన్నది, ఆధారులో తండ్రి పేరు మొదటి అక్షరముతో. రెండు పద్ధతుల మధ్య బ్రతుకుచున్న మనకు ఈ చిక్కు కొత్త కాదు. మా స్కూలు సర్టిఫికెట్టులోను ఇదే తంటా.

మేము మెట్రిక్ వరకే చదివినవారము. ఫారములు నింపుట మాత్రము మా నిత్యపు పని. వచ్చే రెండు ఆదివారములు ఉదయము 10 గంటలనుండి సంఘము గదిలో కూర్చొందుము. సర్వీసు కాగితములు, ఆధారు, బ్యాంకు పుస్తకము తెండి. నామినీ పేరు వ్రాయించనివారు ఇంటి ఆడవారిని కూడ వెంటబెట్టుకొని రండి.