పొడిగించిన వారంటీ: ఎవరికి భరోసా, ఎవరికి లాభం?

(ఐరాలలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్లు, భూమి పట్టాలు, ఇళ్లలో జరిగే హింస గురించి మాట్లాడుకునే చోట ఫ్రిజ్జు వారంటీ గురించి మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ మధ్య మన సంఘాల్లో ఆడవాళ్లు తీసుకుంటున్న చిన్న అప్పులు, కడుతున్న కంతులు చూస్తే వాటిలో ఎక్కువ భాగం వంటింటి సామాను చుట్టూ తిరుగుతున్నాయి. గ్రైండరు, మిక్సీ, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను. 1991 తర్వాత వచ్చిన సరళీకరణ విధానాలతో మార్కెట్టు మన పల్లెల దాకా వచ్చింది. వస్తువుతో పాటు భయాన్ని కూడా అమ్మడం నేర్చుకుంది. ఆ భయం పేరే పొడిగించిన వారంటీ.

అంగట్లో జరిగేది మీకు తెలిసిందే. బేరం అయిపోయింది, డబ్బు లెక్కపెడుతున్నాం. అప్పుడు అక్కడి అబ్బాయి అడుగుతాడు: "అక్కా, కంపెనీ వారంటీ ఒక్క సంవత్సరమే. ఇంకో రెండు సంవత్సరాలకు ఇంత కడితే మీకు దిగులుండదు." ఆలోచించుకునే వ్యవధి వుండదు. షరతుల కాగితం చేతికివ్వరు. వస్తువు చెడిపోతే ఇంట్లో మాట పడేది ఎవరో వాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు. "చూసి కొనలేదా?" అనే మాటకు భయపడి చాలామంది సరేనంటారు. కాబట్టి దీన్ని ఒక మనిషి తెలివికో, అమాయకత్వానికో సంబంధించిన విషయంగా చూడకూడదు. నింద ఎవరి మీద పడుతుందన్నదే అసలు విషయం.

ముందు లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు మాత్రమే. 18,000 రూపాయల వాషింగ్ మెషీనుకు మరో రెండు సంవత్సరాల వారంటీ 1,800 రూపాయలనుకోండి. పదిమంది కొంటే 18,000 పోగవుతుంది. ఆ రెండు సంవత్సరాల్లో ఇద్దరి మెషీన్లు చెడి, ఒక్కోదానికి 3,000 ఖర్చయితే మొత్తం 6,000. మిగిలిన 12,000 అంగడికి, కంపెనీకి, మధ్యలో వున్న ఏజెన్సీకి పోతుంది. మన డబ్బు మనకు సరిపోవాలంటే పదిమందిలో ఆరుగురి మెషీన్లు సరిగ్గా ఆ రెండు సంవత్సరాల్లోనే చెడిపోవాలి. అన్ని మెషీన్లు అలా చెడిపోతాయని అంగడివాడే నమ్మితే ఆ ధరకు వారంటీ అమ్మడు. ఇక కంతుల మీద కొన్నప్పుడు ఈ 1,800 కూడా అప్పులో కలుస్తుంది, దానికీ వడ్డీ కడతాం. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే చిల్లర రుణాలకు అన్ని ఖర్చులూ విడివిడిగా చూపే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ కాగితం అడిగి తీసుకోవాలి. అందులో మనం అడగని వారంటీ వుందేమో చూసుకోవాలి.

ఇది మన దేశంలోనే వున్న సమస్య కాదు. బ్రిటన్‌లో కాంపిటీషన్ కమిషన్ ఇంటి కరెంటు సామాన్ల మీద అమ్మే పొడిగించిన వారంటీలపై విచారణ జరిపి, ఈ వ్యాపారంలో సరైన పోటీ లేదని 2003లో తేల్చింది. 2005లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం అక్కడ అంగడివాళ్లు వారంటీ ధరను వస్తువు ధర పక్కనే చూపాలి. 45 రోజుల లోపల రద్దు చేసుకుంటే, అప్పటికి క్లెయిము ఏదీ చేయకపోతే, కట్టిన డబ్బంతా తిరిగివ్వాలి. కొనేవాళ్లను అంగట్లోనే తొందరపెట్టడం తప్పని అక్కడి ప్రభుత్వం గుర్తించిందన్నమాట.

లెక్క కంటే ముఖ్యమైనవి షరతులు. సాధారణంగా ఈ వారంటీల్లో వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల కాలిపోతే వర్తించదని రాసి వుంటుంది. ఎలుకలు వైర్లు కొరికితే వర్తించదు. తుప్పు, పగిలిన ప్లాస్టిక్కు, అద్దం, రబ్బరు భాగాలు వర్తించవు. పల్లెల్లో వస్తువులు చెడేదే వీటివల్ల. ఏ కారణంగా మన మోటారు కాలుతుందో ఆ కారణాన్ని పక్కనబెట్టి మిగతావాటికి భరోసా ఇస్తారు. అటువంటప్పుడు వారంటీకి పెట్టే డబ్బుతో మంచి స్టెబిలైజరు కొనుక్కోవడం మేలు. వోల్టేజి సమస్య వూరందరిదీ అయితే తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు 1912 నంబరులో ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు సంఘం పుస్తకంలో రాసి పెట్టుకోవాలి.

ఇంకొక షరతు మీద కార్యకర్తలు ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. "ఇంటి వాడకానికి మాత్రమే" అని రాసి వుంటుంది. మన ఆడవాళ్లు ఎంతోమంది అదే గ్రైండరులో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకుంటారు, అదే ఫ్రిజ్జులో పాలు, పెరుగు పెట్టి అమ్ముకుంటారు. ఇల్లు వేరు, వ్యాపారం వేరు అనే గీత వాళ్ల బతుకులో లేదు. మెకానిక్కు వచ్చి చూసి "ఇది వ్యాపారానికి వాడుతున్నారు" అని రాస్తే వారంటీ పోయినట్టే. అయితే వినియోగదారుల చట్టం ఈ విషయంలో కంపెనీ కాగితం కంటే మేలు. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువును ఆ చట్టం వ్యాపార ప్రయోజనంగా లెక్కించదు. కుట్టు మిషను పెట్టుకున్న మనిషి, పిండి రుబ్బి అమ్మే మనిషి కూడా వినియోగదారులే. వారంటీ పోయిందంటే హక్కు పోయిందని అర్థం కాదు.

సర్వీసు సెంటరు ఎక్కడుంది అనేది మరో ప్రశ్న. చిత్తూరుకో, తిరుపతికో పోవాలంటే బస్సు చార్జీ, ఆ రోజు కూలి రెండూ పోతాయి. మెకానిక్కు ఎప్పుడొస్తాడో తెలియక ఇంట్లో కాచుకుని కూర్చున్న రోజులకు లెక్కే లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. మెషీను పనిచేయని వారంలో ఆ 289 నిమిషాలు ఇంకా పెరుగుతాయి. బట్టలు చేత్తో వుతికేది, పిండి రోట్లో రుబ్బేది ఆమే. ఆ చాకిరీకి ఏ వారంటీలోనూ నష్టపరిహారం లేదు. అందుకని కొనేముందు ధర ఎంత అనే ప్రశ్నతో పాటు, చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, ఇంటికొచ్చి చేస్తారా, ఆలస్యమైతే మారుగా మరొకటి ఇస్తారా అని అడగాలి. జవాబు బిల్లు మీద రాయించుకోవాలి.

మీది కాణిపాకం వున్న మండలం. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధం చెప్పరాదని ప్రమాణం చేయించి తగవులు తీర్చుకున్న ప్రాంతం. అంగట్లో చెప్పే మాటకు అటువంటి ప్రమాణం వుండదు. వస్తువు గురించి నోటితో అబద్ధం చెప్పినా చట్టం దాన్ని అక్రమ వ్యాపార పద్ధతి అంటుంది గానీ, నిరూపించాల్సింది మనం. అందుకే రాత అవసరం.

ఇక బిల్లు ఎవరి పేరున వుంది? ఎక్కువ ఇళ్లల్లో మగవాళ్ల పేరునే. ఆమె పాలు పోసి కూడబెట్టిన డబ్బుతో కొన్నా సరే, ఆయన పేరే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవాళ్ల సమ్మతితో వాడుకునే మనిషి కూడా వినియోగదారే. 1986 నాటి చట్టంలోనూ ఈ సూత్రం వుండేది. బిల్లు భర్త పేరున వున్నా భార్య ఫిర్యాదు చేయవచ్చు. ఇది చాలామందికి తెలియదు, కార్యకర్తలు తెలియజెప్పాలి. అయినా ఆమె పేరున బిల్లు రాయించడానికి మరో బలమైన కారణం వుంది. కూతురి పెళ్లికి సారెగా ఫ్రిజ్జు, బీరువా, మెషీను ఇస్తున్నాం. రేపు ఆ కాపురం నిలవకపోతే, ఆ సామాను తనదని ఆమె ఎలా చూపిస్తుంది? పెళ్లిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి పెట్టాలని 1985లో వచ్చిన వరకట్న నిషేధ నియమాలు చెబుతున్నాయి. కూతురి పేరున వున్న బిల్లు, వారంటీ కార్డు ఆ జాబితాకు బలం. వరకట్నాన్ని మనం ఒప్పుకోవడం లేదు. ఇచ్చిన వస్తువు మీద ఆమె హక్కు పోకూడదంటున్నాం.

మరి ఎప్పుడూ కొనకూడదా? అలా చెప్పడం సరికాదు. ఒక్క రిపేరు వస్తే ఇల్లు అప్పుల్లో పడే పరిస్థితి వుండి, ఆ వస్తువు మీదే సంపాదన ఆధారపడి, సర్వీసు సెంటరు దగ్గర్లో వుండి, షరతుల్లో మన వాడకం వుంటే కొనవచ్చు. కంపెనీ కంప్రెసరుకో మోటారుకో ముందే పదేళ్ల వారంటీ ఇచ్చివుంటే, దానికే మళ్లీ డబ్బు కట్టడం దండగ. రిపేరు ఖర్చును రెండు మూడు నెలల్లో తట్టుకోగలిగిన చిన్న సామానుకు అసలు అక్కర్లేదు.

ఇంకొక దారి మన చేతుల్లోనే వుంది. పొదుపు సంఘాల అనుభవం మనకు తక్కువ లేదు. పదిమంది నెలకు 50 రూపాయలు విడిగా వేస్తే సంవత్సరానికి 6,000, రెండు సంవత్సరాలకు 12,000. ఇందాక చెప్పుకున్న ఉదాహరణలో రిపేర్లకు అయింది 6,000. మిగతా 6,000 మన దగ్గరే వుంటుంది. మొదటి నెలల్లోనే ఎవరికైనా చెడిపోతే సంఘం పొదుపు నుంచి ఇచ్చి నిధిలో నుంచి తీర్చుకోవచ్చు. ఏ వస్తువులకు ఇవ్వాలి, గరిష్ఠంగా ఎంత ఇవ్వాలి, రసీదు ఎవరు చూడాలి అనేవి ముందే తీర్మానం చేసుకోవాలి. లేకపోతే తగవులొస్తాయి. వోల్టేజి వల్ల చెడినా, ఎలుక కొరికినా ఈ నిధి ఆదుకుంటుంది. పక్క వూరి మెకానిక్కుకు పని దొరుకుతుంది.

చివరగా, హక్కుల సంగతి. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. మనం అడగకుండా ఆన్‌లైను కొనుగోలులో వారంటీ కలిపేస్తే అది 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాల కింద నిషిద్ధం. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడ తేలకపోతే చిత్తూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. వస్తువు ఎక్కడ కొన్నా మనం నివసించే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువులకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన 2 సంవత్సరాల లోపల వేయాలి. ఒకే రకం మోసానికి గురైన చాలామంది తరఫున కమిషన్ అనుమతితో ఒకరే ఫిర్యాదు చేయవచ్చు. గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘాలూ చేయవచ్చు.

కాబట్టి మీ సంఘాల్లో వచ్చే సమావేశానికి అందరూ ఇంట్లో వున్న బిల్లులు, వారంటీ కార్డులు తీసుకురమ్మనండి. ఎవరి పేరున వున్నాయి, షరతుల్లో ఏముంది, ఎంత కట్టారు, ఎంత తిరిగొచ్చింది అని కూర్చుని చదవండి. చదువురాని వాళ్లకు చదివి వినిపించండి. ఆ కాగితాల్లో మన ఇంటి ఆర్థిక వ్యవహారాల మీద మనకెంత అధికారం వుందో కనిపిస్తుంది. ఏది కొనాలో, ఏది వద్దో ఆ తర్వాత మీరే తేల్చుకోగలరు.