గెలీలియో ఫెర్రారిస్ – తిరుగు అయస్కాంత క్షేత్రము

గురజాల, మాచర్ల ప్రాంతములలో మిరప తోటలకు నీరు తోడు మోటారును మీరందరును చూచియే యుందురు. దానిని విప్పి చూచినచో ఒక వింత కనబడును. నడుమ తిరుగు భాగమునకు బయటినుండి తీగ యేదియు వచ్చి చేరదు. బయటినుండి వచ్చు విద్యుత్తు చుట్టునున్న తీగచుట్టలలో మాత్రమే ప్రవహించును. అయినను లోని ఇరుసు నిమిషమునకు వేయికి మించిన చుట్లు తిరుగును. ముట్టకయే దానిని త్రిప్పుచున్న దేమి? ఈ ప్రశ్నకు సమాధాన మొసగిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో ఫెర్రారిస్‌ను గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

ఆయన 1847లో ఉత్తర ఇటలీలోని లివోర్నో అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి మందుల అంగడి నడుపువాడు. పదియేండ్ల ప్రాయమున బాలుడు వైద్యుడైన పినతండ్రివద్ద చదువుకొనుటకు టూరిన్ నగరము చేరెను. 1869లో ఇంజనీరు పట్టము పొంది, అచ్చటనే అధ్యాపకు డయ్యెను.

కాంతి తరంగములను గూర్చి ఆలోచించుచుండగా 1885లో ఆయనకొక ఊహ తట్టెను. ఒక బిడ్డ చుట్టును నలుగురు నాలుగు దిక్కుల నిలిచి, ఒకరి వెనుక నొకరు పిలిచినచో, బిడ్డ గిర్రున తిరుగును గదా! అట్లే రెండు తీగచుట్టలను లంబముగా నిలిపి, వానిలో ఏకాంతర విద్యుత్తును ఒకదానికంటె మరియొకదానిలో కొంచెము వెనుకగా పంపినచో, అయస్కాంత బలమే చుట్టును తిరుగవలెను. నడుమ వ్రేలాడదీసిన రాగి గొట్టము నిజముగనే తిరిగెను. తిరుగు క్షేత్రము రాగిలో విద్యుత్తును పుట్టించి, దానిని తనవెంట లాగికొనిపోయెను.

1888 మార్చి 18న ఆయన ఈ విషయమును టూరిన్ విజ్ఞాన పరిషత్తునకు నివేదించెను. అదే యేట అమెరికాలో నికోలా టెస్లా స్వతంత్రముగా ఇదే సూత్రముపై పేటెంటులు పొందెను. ఫెర్రారిస్ పేటెంటు కోరలేదు. అంతేకాదు, ఆయన లెక్కలో ఒక పొరపాటును దొరలెను. ఇట్టి మోటారు గ్రహించిన శక్తిలో సగమునకు మించి పనిగా మారదని ఆయన తలచెను. ఆ వ్యాసము చదివిన డోలివో-డోబ్రొవోల్‌స్కీ జర్మనీలో ఆ పొరపాటును కనుగొని, మూడు ఫేజుల మోటారును నిర్మించెను. 1891లో లౌఫెన్ జలపాతపు విద్యుత్తు 175 కిలోమీటర్లు పయనించి ఫ్రాంక్‌ఫర్టు చేరెను. ఫెర్రారిస్ తన పనిని దాచుకొనక ప్రకటించుటచేతనే దోషము దిద్దబడెను. నేటి పెద్ద మోటారులు నూటికి 90 పాళ్లకు మించి పనిచేయుచున్నవి.

నాగార్జునసాగరు కుడికాలువ విద్యుత్కేంద్రమున 30 మెగావాట్ల యంత్రములు మూడు కలవు. అచ్చట కృష్ణనీరు త్రిప్పిన చక్రపు తిరుగుడు మూడు తీగలలో ఒకదాని వెనుక నొకటిగా బయలుదేరును. పొలములోని మోటారులో మరల తిరుగుడుగా మేల్కొనును. కనుకనే ఒక ఫేజు పోయినప్పుడు నిలిచియున్న మోటారు గుర్రుమనునే గాని తిరుగదు. క్షేత్రము చుట్టు తిరుగుట మాని, ముందువెనుకలకు ఊగులాడును. అప్పుడు వెంటనే స్విచ్చి ఆపవలెను. లేనిచో చుట్ట కాలిపోవును. ఫేజు పోయిన తోడనే మోటారును ఆపు సాధనమును అమర్చుకొన్న రైతు పైరు నడుమ నష్టపడడు.

మన ఇంటి పంకాలో కండెన్సరు చేయుపనియు రెండవ చుట్టలోని విద్యుత్తునకు ఆ యెడమును కల్పించుటయే. పాత కరెంటు మీటరులో తిరుగు అల్యూమినియపు బిళ్ల సైత మీ సూత్రముననే తిరుగును. ఐరోపాలో దానికి ఫెర్రారిస్ మీటరని పేరు.

ఆయన 1897 ఫిబ్రవరి 7న, నలుబదితొమ్మిదవ యేట మరణించెను. 1924లో స్వగ్రామము లివోర్నో ఫెర్రారిస్ అని పేరు మార్చుకొనెను. పేటెంటు లేని ఆ ఊహ నేటికిని మన బావులలో నీరు తోడుచున్నది.