తెల్లబట్ట: మందు ఒక్కరికే ఇస్తే చాలదు

(ఆత్మకూరులో ఆరోగ్య కార్యకర్తలతో చేసిన ప్రసంగ పాఠం)



కలిగిరి మండలం దూబగుంట మీకు కొత్త కాదు. 1992లో అక్కడి స్త్రీలు సారా దుకాణం మూయించారు. మొగుడి తాగుడు ఇంటి గుట్టు కాదని నలుగురిలో నిలబడి చెప్పారు. తెల్లబట్ట మాటెత్తితే మాత్రం ఈ ప్రాంతంలో ఇప్పటికీ గొంతులు తగ్గిపోతాయి. "వేడి చేసిందిలేమ్మా" అంటారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి పల్లెల్లో రాణీ బంగ్ బృందం 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో వివరాలు ప్రచురించింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతమే.

తెల్లబట్ట అంతా జబ్బు కాదు. నెలలో కొన్ని రోజులు వాసన లేకుండా తెల్లగా అవడం సహజమే. పసుపు, ఆకుపచ్చ రంగులో నురగగా, దుర్వాసనతో అవుతూ, దురద, మూత్రంలో మంట ఉంటే ట్రైకోమోనియాసిస్ కావచ్చు. ఇది సంభోగం ద్వారా అంటుకునే ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా 15 కోట్ల 60 లక్షల మందికి కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

సోకినా చాలామందికి ఏ బాధా ఉండదు, మగవాళ్ళకు మరీను. చిక్కంతా ఇక్కడే. బాధ ఆమెకే కనక జబ్బూ ఆమెదే, తప్పూ ఆమెదే! ఆమె మందు మింగుతుంది, మళ్ళీ భర్త నుంచే అంటించుకుంటుంది. మందు పని చెయ్యలేదని ఇంకో డాక్టరు, ఆపైన ఇంకొకరు. చివరికి గర్భసంచి తీయించుకోమనేవాళ్ళూ ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. ఈ పరాన్నజీవి ఉండేదేమో యోనిలో, మూత్రనాళంలో. గర్భసంచి తీస్తే అదెలా పోతుంది?

నయం చెయ్యడం కష్టం కాదు. డాక్టరు సలహాతో మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 7 రోజులు. భర్తకు 2 గ్రాములు ఒకేసారి. ఇద్దరి వైద్యం పూర్తయ్యి, బాధలు తగ్గేదాకా కలవకూడదు. 3 నెలలకు ఆమెకు మళ్ళీ పరీక్ష చేయించాలి. అశ్రద్ధ చేస్తే హెచ్ఐవి సోకే అవకాశం పెరుగుతుంది.

"ఎవరి వల్ల వచ్చింది?" అని తప్పకుండా అడుగుతారు. ఏ లక్షణమూ లేకుండా ఇది నెలల తరబడి ఒంట్లో ఉండిపోగలదు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఈ మాట భర్తకు స్పష్టంగా తెలియాలి. అతనికి మాత్రలు రాసిన చీటీ ఆమె చేతికిచ్చి పంపేముందు, ఇంట్లో దెబ్బలు పడతాయా అని ఆమెను విడిగా అడగండి. పడతాయంటే డాక్టరు చేత చెప్పించడమో, మగ కార్యకర్తను పంపడమో, ఆమె ఏది సరేనంటే అది చెయ్యండి.